షెమంగ్ ఒడ్డున గాజు ఫ్యాక్టరీ, బుడమేరు పక్కన మన ఫర్నేస్: ఒక కేస్ స్టడీ

ఫర్నేస్ ఆపడానికి ఎన్ని గంటలు పడుతుంది? వరద దెబ్బ తిన్న ఏ యూనిట్‌కు వెళ్లినా నేను మొదట అడిగేది ఇదే. నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీది బురద మరక చూపించి అందరూ చెబుతారు, సెల్‌ఫోన్‌లో వీడియోలు కూడా ఉంటాయి. ఈ ప్రశ్న అడిగితే మాత్రం ఓనర్ గారు సూపర్‌వైజర్ వైపు చూస్తారు, సూపర్‌వైజర్ ఆపరేటర్ వైపు చూస్తాడు, ఆపరేటర్ "ఎప్పుడూ అలా ఆపలేదండీ" అంటాడు.

నేను విజయవాడలో ఫర్నేసుల మెయింటెనెన్స్ పని చేస్తాను. ఆటోనగర్ వైపు ఇండక్షన్ ఫర్నేసులు, హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసులు, ఈ మధ్య గాజు టఫెనింగ్ (గాజును వేడి చేసి, గాలి కొట్టి గబుక్కున చల్లార్చి గట్టిపరచడం) లైన్లు కూడా. 2024 సెప్టెంబర్ వరదల తర్వాత బుడమేరు వైపున్న ఒక టఫెనింగ్ యూనిట్ వాళ్లు (పేరెందుకులెండి) నన్ను పిలిచి, మెషీన్లు బాగు చేయడం సంగతి తర్వాత చూద్దాం, అసలు మేం ఇక్కడ ఉండాలా, గన్నవరం వైపు ఎక్కడైనా మెరక చూసుకుని పోవాలా, అది తేల్చి చెప్పండి అన్నారు. మెయింటెనెన్స్ వాడిని అడగాల్సిన ప్రశ్న కాదది, అయినా అడిగారు. రిపోర్ట్ రాయడానికి కూర్చుంటే నాకు బాగా పనికొచ్చింది చాలా దూరంలో ఉన్న ఒక ఊరి చరిత్ర. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో షెమంగ్ అనే నది ఒడ్డున 150 ఏళ్లకు పైగా గాజుతో బతుకుతున్న కార్నింగ్. ఆ ఊరి కథ ముందు చెప్పి, దాన్నుంచి మా యూనిట్‌కు ఏం తీసుకున్నామో తర్వాత చెబుతాను.

నది దగ్గరికి ఎందుకు వెళ్లారు

కార్నింగ్ అనగానే చాలామందికి ఫోన్ మీది గొరిల్లా గ్లాస్ గుర్తొస్తుంది. పైరెక్స్ గిన్నెలు పుట్టింది ఆ కంపెనీలోనే, మన కాలేజీ ల్యాబుల్లో బీకర్ల మీద కనిపించే బోరోసిల్ కూడా 1962లో మొదలైంది దాని సహకారంతోనే. కానీ ఆ కంపెనీ పుట్టింది కార్నింగ్ ఊళ్లో కాదు. అమోరీ హోటన్ అనే ఆయన 1851లో మసాచుసెట్స్‌లో గాజు వ్యాపారంలో డబ్బు పెట్టాడు, 1864లో న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో ఒక గాజు ఫ్యాక్టరీ కొన్నాడు, 1868లో ఆ ఫ్యాక్టరీని మూటాముల్లె కట్టి కార్నింగ్‌కు తీసుకెళ్లాడు.

సామాను వెళ్లిన దారి చూడండి. హడ్సన్ నది మీద పైకి, అక్కడి నుంచి ఈరీ కాలువలో పడమటికి, సెనెకా సరస్సు మీదుగా షెమంగ్ కాలువలోకి, అంతా పడవల మీదే. బందరు కాలువలో, ఏలూరు కాలువలో ధాన్యం పడవలు నడిచిన రోజుల గురించి మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పేవారు కదా, అదే పద్ధతి. బ్రూక్లిన్‌లో బొగ్గు, కూలి రెండూ ఖరీదు. కార్నింగ్‌కేమో పెన్సిల్వేనియా బొగ్గు గనుల నుంచి రైలు వచ్చేది, సరుకు బయటికి పోవడానికి కాలువ ఉండేది, పైగా ఊరి పెద్దలు మీరు రండి, మేమూ పెట్టుబడి పెడతాం అన్నారు. గాజు పరిశ్రమకు ఇసుక ముఖ్యమని అందరూ అనుకుంటారు గానీ ఆ రోజుల్లో ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో తేల్చింది బొగ్గే. కరిగించాల్సిన ఇసుక కంటే కరిగించడానికి కాల్చే బొగ్గు బరువు చాలా ఎక్కువ, అందుకని బొగ్గు దగ్గరికే ఇసుకను తెచ్చుకునేవారు.

వచ్చిన రెండేళ్లకే, 1870లో, కంపెనీ దివాలా తీసింది. కొడుకు అమోరీ హోటన్ జూనియర్ దాన్ని మళ్లీ చేతిలోకి తెచ్చుకుని 1875లో కార్నింగ్ గ్లాస్ వర్క్స్ పేరుతో నిలబెట్టాడు. ఇంకో మూడేళ్లకు, 1878లో, షెమంగ్ కాలువ మూసేశారు. రైళ్ల ముందు పడవలు నిలవలేదు.

నా కేస్ మొత్తం ఈ 1878 మీదే ఆధారపడి ఉంది. నీటి దారి కోసం ఒడ్డుకు వచ్చిన ఫ్యాక్టరీకి పదేళ్లలో ఆ దారే లేకుండా పోయింది. అప్పటికి ఏమున్నాయి? కొలిములు కట్టేశారు, గాజు ఊదేవాళ్లు పెళ్లాం పిల్లలతో స్థిరపడ్డారు, చెక్కుడు పని చేసే వేరే షాపులు పక్కనే వెలుస్తున్నాయి, తర్వాత క్రిస్టల్ సిటీ అని ఊరికి పేరు కూడా వచ్చింది. ఎవరు కదులుతారు? నది వల్ల వచ్చే లాభం పోయింది, నది మాత్రం ఉంది. మన దగ్గర కూడా కాలువ గట్ల వెంబడి పాత మిల్లులు చూడండి, పడవలు ఆగిపోయి ఎన్ని దశాబ్దాలైంది, మిల్లులు అక్కడే ఉన్నాయి. ఒడ్డు మీద ఉండాల్సిన అవసరం ఏ సంవత్సరంలో తీరిపోయిందో ఏ కంపెనీ పుస్తకాల్లోనూ రాసుకోరు. ఆ సంవత్సరం నుంచి ఆ స్థలం మీద కనపడని ఖర్చు ఒకటి పెరుగుతూ ఉంటుంది, వరద వచ్చిన రోజు ఒక్కసారే బిల్లు వస్తుంది.

మా యూనిట్ ఓనర్ గారిని ఇదే అడిగాను, మీరు ఇక్కడికి ఎందుకొచ్చారని. "మా మామయ్య గారి స్థలం అండీ, అద్దె లేదు" అన్నారు. అది బలమైన కారణమే, నేను కాదనను. కాకపోతే ఆ అద్దె మిగులు ఎంతో లెక్కగట్టి, వరద నష్టం పక్కన పెట్టి చూడాలి కదా.

నిప్పును ఎందుకు ఆపలేరు

మధ్యలో కొంచెం టెక్నికల్ సంగతి చెప్పాలి, ఇది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు. అప్పట్లో గాజును మట్టి కుండల్లో కరిగించేవారు. ఆ కుండను చాలా మెల్లగా వేడెక్కించాలి, తొందరపడితే పగులుతుంది. తర్వాత వచ్చిన పెద్ద ట్యాంకు ఫర్నేసులైతే ఒకసారి వెలిగిస్తే పదేళ్లు, ఇంకా ఎక్కువ కూడా, రాత్రీ పగలూ పండగా పబ్బం లేకుండా 1500 డిగ్రీల పైన మండుతూనే ఉంటాయి. మధ్యలో చల్లారితే లోపలి గాజు గడ్డకడుతుంది, ఇటుకలు కుదించుకుని చిట్లుతాయి, మళ్లీ వెలిగించాలంటే లోపలంతా కొత్తగా కట్టినంత పని.

ఇంకోటి, బయటివాళ్లకు తట్టనిది. పొగ వేడిని తిరిగి వాడుకునే రీజనరేటర్ గదుల అడుగు భాగం, పొగ సొరంగాలు చాలా ఫర్నేసుల్లో ఫ్లోర్ కింద ఉంటాయి. అంటే ఫ్యాక్టరీలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటే ఎర్రగా కాలిన ఇటుక ఉంటుంది. వరద నీరు మెషీన్ల దాకా రాకముందే అక్కడికి చేరుతుంది. వేడి ఇటుక మీద అంత నీళ్లు ఒక్కసారి పడితే ఆవిరి పేలుడే. అందుకే గాజు ఫ్యాక్టరీలో వరద మట్టం కొలవాలంటే ఫ్లోర్ నుంచి మొదలుపెట్టకూడదు, ఫ్లోర్ కింద ఎంత లోతు ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మా టఫెనింగ్ యూనిట్‌లో సొరంగాలు లేవు గానీ గాజు మీదకు గాలి కొట్టే బ్లోయర్ గుంట ఉంది, కేబుల్ ట్రెంచ్ ఉంది, రెండూ ముందు మునిగినవే.

కార్నింగ్ ఆ తర్వాతి యాభై ఏళ్లలో చేసిన పనులు చాలానే ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. 1880 ప్రాంతంలో ఎడిసన్ బల్బులకు గాజు బుడ్డీలు ఊదింది అక్కడే. 1926లో రిబ్బన్ మెషీన్ వచ్చాక నిమిషానికి వందల బుడ్డీలు దిగడం మొదలైంది. రైల్వే లాంతర్ల గాజులు లోపల మంట వేడికి, బయట మంచుకీ వానకీ పగిలిపోతున్నాయని వేడికి పెద్దగా వ్యాకోచించని బోరోసిలికేట్ గాజు తయారు చేశారు. ఆ రకం గాజుతో చేసిన బ్యాటరీ జాడీ అడుగు కోసి ఇంటికి తీసుకెళ్తే, జెస్సీ లిటిల్టన్ అనే శాస్త్రవేత్త భార్య బెస్సీ 1913లో అందులో కేకు చేసి చూపించింది, 1915 కల్లా పైరెక్స్ బజారులోకి వచ్చింది. ఈ కథ చాలామంది చెబుతారు. నాకు మాత్రం ఆ గాజుతోనే చేసిన ఇంకో పని ఎక్కువ ఇష్టం.

20 టన్నుల బిళ్ల, 1935 వరద

జార్జ్ ఎలరీ హేల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ మీద 200 అంగుళాల టెలిస్కోప్ కావాలి, అంటే అడ్డంగా 5 మీటర్ల పైచిలుకు అద్దం. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు ఫ్యూజ్డ్ క్వార్ట్జ్‌తో (కరిగించిన స్ఫటికంతో) ప్రయత్నించారు, డబ్బు చాలా ఖర్చయింది, కుదరలేదు. పని కార్నింగ్‌కు వచ్చింది, జార్జ్ మకాలీ అనే ఫిజిసిస్ట్ బాధ్యత తీసుకున్నాడు. పైరెక్స్ గాజుతో, బరువు తగ్గడానికి వెనకవైపు గళ్లు గళ్లుగా ఉండేలా అచ్చు కట్టారు. 1934 మార్చి 25న జనం చూస్తుండగా గరిటెలతో కరిగిన గాజు పోశారు. ఆ వేడికి అచ్చులోని ఇటుక దిమ్మెలను పట్టి ఉంచిన బోల్టులు తట్టుకోలేదు, దిమ్మెలు ఊడి గాజు మీద తేలాయి. ఫౌండ్రీలో పనిచేసిన ఎవరికైనా ఆ దృశ్యం తెలుసు, అచ్చు లోపల పెట్టే దిమ్మెను కోర్ అంటాం, కోర్ లేచిపోయింది అంటాం. అంత పెద్ద కోర్, అంతమంది ముందు లేచిపోతే ఎంత టెన్షనో ఊహించుకోండి. ఆ బిళ్ల ఇప్పటికీ కార్నింగ్ మ్యూజియంలో ఉంది.

బోల్టులు మార్చి 1934 డిసెంబర్ 2న మళ్లీ పోశారు. ఈసారి నిలిచింది. ఇక దాన్ని చల్లార్చాలి.

గాజును పోసి అలా వదిలేస్తే పై పొర ముందు గట్టిపడుతుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది, తర్వాత లోపలిది కుదించుకోబోతే పై పొర ఒప్పుకోదు, ఆ లాగుడు గాజులోనే ఉండిపోయి ఎప్పుడో ఒకరోజు దానంతటదే పగులుతుంది. టఫెనింగ్‌లో మేం చేసేది ఆ లాగుడునే కావాలని, రెండు వైపులా సమానంగా గాలి కొట్టి, లెక్క ప్రకారం పెట్టడం. టెలిస్కోప్ అద్దంలో అది ఆవగింజంత కూడా ఉండకూడదు. అందుకని కరెంటు ఓవెన్‌లో పెట్టి రోజుకు ఒక డిగ్రీ కంటే తక్కువ చొప్పున, మొత్తం దాదాపు 10 నెలలు చల్లార్చారు. 20 టన్నుల బిళ్ల, మధ్యలో ఆపడానికి వీల్లేని పని, ఫ్యాక్టరీ నది ఒడ్డున.

1935 జులైలో షెమంగ్ పొంగింది.

నీళ్లు ఫ్యాక్టరీలోకి వచ్చాయి. గాజు ఓవెన్ లోపల భద్రంగానే ఉంది, దానికి కరెంటిచ్చే సామగ్రి కింద ఉంది. మనుషులు కష్టపడి ఆ సామగ్రిని నీళ్లకు అందని ఎత్తుకు మార్చారు, మార్చి మళ్లీ కలిపేదాకా దాదాపు మూడు రోజులు ఓవెన్‌కు కరెంటు లేదు. తర్వాత చల్లార్పు మళ్లీ కొనసాగించారు. ఓవెన్ తెరిచి చూస్తే బిళ్ల బాగానే ఉంది. 1936 వసంతంలో ప్రత్యేక రైలు మీద మెల్లగా దేశం దాటించి కాలిఫోర్నియా చేర్చారు, అక్కడ అరగదీసి నునుపు చేసేసరికి, మధ్యలో యుద్ధం కూడా రావడంతో, 1948 అయింది. ఆ టెలిస్కోప్ పేరు హేల్ టెలిస్కోప్.

మెయింటెనెన్స్ వాడిగా నేను దీన్ని ఇలా చదువుతాను. నీళ్లు వచ్చే వేగానిది ఒక గడియారం, ఫర్నేస్ చల్లారే వేగానిది ఇంకో గడియారం. మకాలీకి రెండో గడియారం చాలా మెల్లగా తిరిగింది, ఎందుకంటే 20 టన్నుల గాజు, దాని చుట్టూ మందపాటి ఇన్సులేషన్, కరెంటు పోయినా లోపలి వేడి వెంటనే పోదు. మూడు రోజుల గడువు అక్కడి నుంచి వచ్చింది. అదే పల్చటి గాజు నడుస్తున్న రోలర్ల ఫర్నేస్ అయితే ఆ గడువు నిమిషాల్లో ఉంటుంది. అందుకని ఏ ఫర్నేస్‌కైనా కరెంటు పోయాక ఎంతసేపు తట్టుకుంటుందో, పద్ధతిగా ఆపడానికి ఎంతసేపు పడుతుందో ఈ రెండూ కాగితం మీద రాసి ప్యానెల్ తలుపుకు అంటించాలి. అలా అంటించి ఉన్న ప్యానెల్ మన వైపు నేనింతవరకు చూడలేదు.

కరకట్ట కట్టాక వచ్చిన వరద

1935 తర్వాత ప్రభుత్వం మేలుకుంది. నదికి కరకట్టలు కట్టారు, ఎగువన ఆర్క్‌పోర్ట్, ఆల్మండ్ అనే చోట్ల డ్యాములు కట్టారు. జనం కుదుటపడ్డారు, 1951లో కంపెనీ తన నూరేళ్ల పండగకు గాజు మ్యూజియం తెరిచింది, అదీ నదికి దగ్గర్లోనే, పల్లంలోనే. కరకట్ట వెనక స్థలం ధర ఎందుకు పెరుగుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను అవశేషం ఆ కొండల మీద వచ్చి కూర్చుంది. కొహాక్టన్, టయోగా అనే రెండు నదులు కలిస్తే షెమంగ్ అవుతుంది, ఆ కలిసే చోటు కార్నింగ్‌కు కాస్త ఎగువనే. రెండూ ఒకేసారి పొంగాయి. జూన్ 23 తెల్లవారుజామున నీళ్లు కట్టలు దాటి ఊళ్లోకి వచ్చాయి. ఆ ప్రాంతంలో 18 మంది చనిపోయారు. మ్యూజియంలో నీళ్లు 5 అడుగుల పైన నిలిచాయి. 13 వేల వస్తువుల్లో 528 దెబ్బతిన్నాయి, లైబ్రరీ పుస్తకాల్లో సగానికి పైగా తడిసిపోయాయి. బూజు పట్టకుండా ఆ పుస్తకాలను గడ్డకట్టించి ఉంచి, తర్వాత మెల్లగా ఆరబెట్టి బాగు చేశారు, దానికి ఏళ్లు పట్టింది. మ్యూజియం మాత్రం ఆగస్టు 1న మళ్లీ తెరిచారు.

ఈ లెక్కను నేను చాలాసేపు చూశాను. 13 వేలల్లో 528 అంటే నూటికి నాలుగు. పుస్తకాలు నూటికి యాభై పైన. పగలకపోతే గాజును కడిగి తుడుచుకోవచ్చు, గాజు గురించి రాసిన కాగితాన్ని అలా చేయలేరు. మా యూనిట్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. మోటార్లు ఊడదీసి, ఆరబెట్టి, వార్నిష్ వేయించి ఎక్కించారు, హీటింగ్ ఎలిమెంట్లు కొన్ని మార్చారు, అదంతా డబ్బుతో, ఓపికతో అయిపోయింది. ఏ మందానికి ఎంత టెంపరేచర్, ఎన్ని సెకన్లు లోపల ఉంచాలి, బ్లోయర్ ప్రెషర్ ఎంత, ఈ లెక్కలన్నీ పాత ఆపరేటర్ గారు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నారు, అది టేబుల్ కింది సొరుగులో ఉంది. ఆయన పని మానేసి అప్పటికే ఊరెళ్లిపోయారు. ఫోన్ చేస్తే, "బాబూ, 12 ఎం.ఎం. సంగతి గుర్తుంది గానీ 8 ఎం.ఎం. నాకూ చూసుకోవాలి" అన్నారు. లైన్ బాగుపడ్డాక కూడా సరుకు సరిగ్గా రావడానికి చాలా గాజు బద్దలు కొట్టుకోవాల్సి వచ్చింది.

1972 తర్వాత కార్నింగ్ చేసిన పనిలో నాకు బాగా నచ్చింది వాళ్లు ఒకే జవాబు పట్టుకుని కూర్చోకపోవడం. కంపెనీ ఊరు వదల్లేదు, బజారు వీధి మార్కెట్ స్ట్రీట్‌ను తిరిగి నిలబెట్టడంలో చేయి వేసింది. మ్యూజియానికి గన్నర్ బిర్కెర్ట్స్ అనే ఆర్కిటెక్ట్‌తో కొత్త భవనం కట్టించి 1980లో తెరిచారు, స్థలం దాదాపు అదే, కానీ ఈసారి భవనాన్ని 1972 వరద మట్టానికి పైన స్తంభాల మీద నిలబెట్టారు. టయోగా నది మీద, దాని ఉపనదుల మీద ప్రభుత్వం డ్యాములు పూర్తి చేసింది. ఇక కొలిముల సంగతి. కంపెనీ చాలా ముందు నుంచే కొత్త ప్లాంట్లు వేరే రాష్ట్రాల్లో పెడుతూ వచ్చింది. 1970లో మౌరర్, కెక్, షుల్ట్జ్ అనే ముగ్గురు ఆ కంపెనీ ల్యాబ్‌లోనే పనికొచ్చే ఆప్టికల్ ఫైబర్ తీశారు, దాన్ని పెద్ద ఎత్తున తయారు చేసే ప్లాంట్ 1979లో పెట్టింది మాత్రం నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో. ఒడ్డున ఉన్న పాత మెయిన్ ప్లాంట్ ఇప్పుడు లేదు. థర్మామీటర్ల గాజు గొట్టాలు నిలువుగా లాగడానికి కట్టిన 187 అడుగుల టవర్ ఒకటి, లిటిల్ జో అంటారు, అది మాత్రం గుర్తుగా ఉంచారు. హెడ్డాఫీస్ నది ఒడ్డునే ఉంది, దాని చిరునామా వన్ రివర్‌ఫ్రంట్ ప్లాజా. కుర్చీలు, కంప్యూటర్లు వరదొస్తే పై అంతస్తుకు మోసుకుపోవచ్చు, కొలిమిని మోయలేరు.

మన దగ్గరికి వద్దాం

విజయవాడలో వరద అనగానే అందరి కళ్లూ ప్రకాశం బ్యారేజీ వైపు వెళ్తాయి. అందులో తప్పులేదు, 2009 అక్టోబర్‌లో 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబర్‌లో 11.43 లక్షల క్యూసెక్కులు దాటి వెళ్లాయి. కానీ కృష్ణ చెప్పి వస్తుంది. శ్రీశైలం గేట్లు ఎత్తారు, సాగర్ ఎత్తారు, పులిచింతల ఎత్తారు అని టీవీలో ముందే వస్తుంది, 3.97 లక్షల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షల దగ్గర రెండోది. ఫర్నేస్ ఉన్నవాడికి ఇంతకంటే మంచి గడియారం దొరకదు.

బుడమేరు అలా కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే చిన్న ఏరు, ఏడాదిలో ఎక్కువ రోజులు దాన్ని చూసి ఎవరూ భయపడరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, దాని నీళ్లను డైవర్షన్ కాలువలో ఇబ్రహీంపట్నం వైపు మళ్లించి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. కృష్ణ మామూలుగా ఉన్నప్పుడు అది బాగానే పనిచేస్తుంది. కొండల్లో కుండపోత, కృష్ణలో వరద, రెండూ ఒకేసారి వస్తే కలవాల్సిన చోట కృష్ణ మట్టం ఎత్తుగా ఉండి కాలువ నీళ్లు తీసుకోదు. 2024లో అదే జరిగింది, కాలువ గట్లకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, పాయకాపురం వైపు జనం నిద్రలేచేసరికి వాకిట్లో నీళ్లు. గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజనీర్లు కూడా రావాల్సి వచ్చింది. కార్నింగ్‌లో కొహాక్టన్, టయోగా ఒకేసారి పొంగినట్టే ఇక్కడా రెండు ఏర్లు కలిసొచ్చాయి. గట్టు దాటాక నీళ్లు ఎంత వేగంగా వస్తాయో రెండు చోట్లా ఒకే అనుభవం.

కాబట్టి రిపోర్ట్‌లో నేను రాసింది ఇది. మీ ఫర్నేస్ 700 డిగ్రీల దగ్గర నడుస్తుంది, లోపల సెరామిక్ రోలర్లు ఉన్నాయి, అవి వేడిగా ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉండాలి, ఆగితే వంగుతాయి, మీద గాజు ఉంటే అది కుంగి రోలర్లకు అంటుకుంటుంది. పద్ధతిగా చల్లార్చడానికి ఒక షిఫ్ట్ పైనే పడుతోంది, నిలబడి చూసి రాసుకున్నాం. బుడమేరు నుంచి మీకు అంత గడువు దొరుకుతుందని నమ్మి ప్లాన్ వేయకూడదు. అంటే నీళ్లు లోపలికి వచ్చాక కూడా రోలర్లు తిరగాలి. అలా తిరగాలంటే రోలర్ మోటారు, దాని వేగాన్ని నడిపే డ్రైవ్, దాని యూపీఎస్ ఈ మూడూ గోడ మీది బురద మరక గీత కంటే పైన ఉండాలి. మిగతావన్నీ మునిగినా సరే, వాటికి డబ్బుతో పరిష్కారం ఉంది.

స్థలం మారాలా వద్దా అన్నదానికి నా సమాధానం, ఇప్పుడు వద్దు. ఫర్నేస్‌ను విప్పి ఇంకోచోట నిలబెట్టే ఖర్చు, కొత్త షెడ్డు, కొత్త కనెక్షన్, అన్నిటికంటే ముఖ్యంగా చుట్టుపక్కల నుంచి నడిచొచ్చే పనివాళ్లు, ఇవన్నీ కలిపి చూస్తే అద్దె లేని స్థలమే నెగ్గింది. కానీ రెండో లైన్ కొనాలని వాళ్లకు ఆలోచన ఉంది, అది మాత్రం ఇక్కడ పెట్టొద్దు, మెరక మీదే పెట్టండి అని గట్టిగా రాశాను. ఫైబర్ ప్లాంట్‌ను కార్నింగ్ ఎక్కడ పెట్టిందో చెబితే ఓనర్ గారికి వెంటనే ఎక్కింది. వాళ్లబ్బాయికి ఎక్కలేదు, రెండు చోట్ల ఇద్దరు సూపర్‌వైజర్లు, రెండు జీతాలు అంటాడు. అతనన్నదీ లెక్కే, ఆ సంగతి ఇంట్లో వాళ్లే తేల్చుకోవాలి.

ప్యానెల్‌ను మెజనైన్ (షెడ్డు లోపలి మధ్య అంతస్తు) మీదకు ఎక్కించడానికి మొదట గొడవైంది. కేబుల్ పొడవు పెరుగుతుంది, ఆపరేటర్ ఊరికే మెట్లెక్కి దిగాలి, ఎండాకాలం రేకుల కింద పైన వేడికి డ్రైవ్‌లు ట్రిప్ అవుతాయి. చివరిది నిజమైన ఇబ్బందే, బెజవాడ మే నెల సంగతి తెలిసిందే కదా. దానికి విడిగా చిన్న గది కట్టి ఏసీ పెట్టాల్సి వచ్చింది. ఆపరేటర్‌కు కింద ఒక చిన్న స్క్రీన్, ఎమర్జెన్సీ బటన్ ఉంచాం, అవి మునిగినా నష్టం తక్కువ. బ్లోయర్లను మాత్రం కదపలేదు, వాటి గొట్టాల లేఅవుట్ మొత్తం మారిపోతుంది, మోటార్లను విప్పి పైకి లాగడానికి పైన ఒక దూలం, చెయిన్ బ్లాక్ పెట్టించి ఊరుకున్నాం. సెట్టింగుల నోట్‌బుక్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంకో కాపీ ఓనర్ గారి ఇంట్లో బీరువాలో పెట్టించాను, కంప్యూటర్ కూడా కింద టేబుల్ మీదే ఉంది కాబట్టి.

డీజిల్ జనరేటర్‌కు ఎత్తు దిమ్మె కట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎత్తు పెంచే పని ఇంకా మిగిలే ఉంది. దానికి ఎస్టిమేట్ వేయించుకోవాలి, లైన్ ఆపించాలి, పైగా పక్క యూనిట్‌కు కూడా కరెంటు అక్కడి నుంచే వెళ్తుంది కాబట్టి ఖర్చులో వాళ్లూ సగం పెట్టుకోవాలి. పక్క యూనిట్‌ది కోల్డ్ స్టోరేజీ పని, ఆయనకు ఫర్నేస్ లేదు, నీళ్లొస్తే కరెంటు ఎలాగూ తీసేస్తారు కదా అంటున్నారు. ఆయన లోపల సరుకు ఎన్ని గంటలు చల్లగా ఉంటుందో కొలిచి చూపిస్తానని చెప్పాను, చూద్దాం రండి అన్నారు.